సోలో రేటు

గుంటూరు దాటాక, పొన్నూరు రోడ్డు మీద
మున్సిపాలిటీ వాళ్ల చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో
మా ఫ్లయింగ్ క్లబ్బుకి
ఒక షెడ్డు, రెండు విమానాలు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు.
నాలుగో కుర్చీ నాది. దాని కాలు విరిగితే
పాత టైరు ట్యూబు ముక్కతో కట్టాను.

బిల్లులు రాస్తాను.
పద్నాలుగేళ్లుగా ఆకాశాన్ని
నిమిషాల లెక్కన అమ్ముతున్నాను,
ఒక్కసారీ రుచి చూడలేదు.
మిఠాయి కొట్టువాడికి షుగరున్నట్టు
నాకు మేడెక్కితేనే కళ్లు తిరుగుతాయి.

పొద్దున ఆరింటికి మస్తాన్ మోపెడ్ మీద
రన్‌వే చివరిదాకా పోయొస్తాడు,
గేదెలు కంచె కింద దూరాయేమోనని,
కొంగలు గడ్డిలో దిగాయేమోనని.
పళ్లెం మీద గరిటె మోగిస్తాడు.
అవి లేచి, ఎవరికీ రుసుము కట్టకుండా
నారకోడూరు పొలాల వైపు పోతాయి.

తర్వాత బేరాలు.
రేపల్లె రొయ్యల చెరువుల ఆసామి
తన విమానానికి షెడ్డులో చోటడిగి
అద్దె దగ్గర ఆగిపోతాడు.
మిర్చి కమిషన్ వ్యాపారి ఫోన్ చేసి
కూతురి పెళ్లి మండపం మీద పూలు చల్లాలంటాడు.
అంత ఎత్తు నుంచి చల్లితే
పక్క పెళ్లివాళ్ల మీద పడతాయండీ అంటే
"అయితే సగం బిల్లు వాళ్లకి వేయండి."

కొమ్మూరి కెజియా మార్చిలో చేరింది.
వాళ్ల నాన్నది మిర్చి యార్డులో కాటా దగ్గర పని.
మొదటి వాయిదా నోట్లు లెక్కపెడుతుంటే
నాకు వరసగా తుమ్ములొచ్చాయి.
ఆమె నవ్వలేదు,
నీళ్ల సీసా నా ముందుకు జరిపింది.

దిగిన ప్రతిసారీ వచ్చి
తన లాగ్‌బుక్కు నా పుస్తకంతో సరిచూసుకునేది.
నలభై రెండా, నలభై నాలుగా అని
రెండు నిమిషాల కోసం ఒకరోజు
పావుగంట పోట్లాడుకున్నాం.
ఆ రెండు నిమిషాలు ఎన్ని బస్తాల తూకమో
రాత్రి ఇంటికెళ్లాక లెక్కేశాను.
మర్నాడు నలభై రెండని దిద్దాను.

కెప్టెన్ వరదాచారి గారిది తక్కువ మాట.
దించేటప్పుడు మాత్రం
"నేలమీద పడేయకమ్మా, నేలకి అప్పజెప్పు"
అంటారట.

ఇవాళ ఎనిమిదీ పది.
గాలిసంచి కొయ్యకి వేలాడుతోంది
ఆరేసిన చొక్కా చెయ్యిలా.
మూడు చుట్లు తిరిగి దిగిన విమానం
రన్‌వే కొసన ఆగింది, ఇంజను ఆగలేదు.
కుడి తలుపు తెరుచుకుంది.
ఆయన దిగి, వెనక్కి వంగి,
తను లేచిన సీటుకి బెల్టు బిగించారు,
పసిపిల్లని కట్టినంత జాగ్రత్తగా.
గడ్డిలో నడిచి ఇవతలికొచ్చారు.

ఆయన బరువు లేని విమానం తొందరగా లేచింది.
డెబ్బై ఎనిమిది కిలోల తేడా
కాటా మనిషి కూతురి చేతికి తెలిసే ఉంటుంది.

కాలువ మీద ఎడమకి, చేబ్రోలు వైపు మళ్లీ ఎడమకి.
పూల వ్యాపారి లైన్లో ఉన్నాడు, పెట్టేశాను.
మస్తాన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.
కెప్టెన్ గారు జేబులో చెయ్యి పెట్టి, తీసి,
మళ్లీ పెట్టారు.
వేల గంటలు తోలిన చేతులు,
ఈ ఏడు నిమిషాలకి పని దొరకలేదు.

ఒకసారి ఎగిరిపడి, రెండోసారి
అప్పజెప్పింది.

ఆనవాయితీ ప్రకారం మస్తాన్ బకెట్ నీళ్లు తలమీద పోశాడు.
తడి జుట్టుతో నా బల్ల దగ్గరికొచ్చి
"ఏడేగా" అంది. "ఏడే" అన్నాను.

గురువు పేరు రాసే గడిలో చిన్న గీత పెట్టాను.
గురువున్న గంట కంటే లేని గంట చవక,
పట్టికలో మొదట్నుంచీ ఉన్నదే.
ఇన్నాళ్లూ దాన్ని తీసివేత అనుకున్నాను.

కెప్టెన్ గారు సంతకానికి వంగి
ఆ గీత కేసి చూశారు.
నా పెన్ను తీసుకుని దాన్ని పొడిగించారు,
గడి ఈ అంచు నుంచి ఆ అంచుకి.
ఆమె జుట్టు నుంచి చుక్క పడి
సిరా కొంచెం అలుక్కుపోయింది.

బయట మోపెడ్ స్టార్టయింది.
కొంగలు మళ్లీ దిగాయట.